టెక్సాస్ రొమ్ము కండ, మన పొయ్యి మీద అటక

ఈసారి పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటాది. తోట పని లేని పూట తీరిగ్గా చదవండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపిన వీడియో ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు. పెద్ద ఇనప డ్రమ్ములో పశువు రొమ్ము కండ పెట్టి, రాత్రంతా కట్టె పొగలో ఉంచి, తెల్లారాక కోస్తారు. పైన బొగ్గులాగ నల్లగా ఉంటాది, లోపల వేలితో నొక్కితే విడిపోయేంత మెత్తగా ఉంటాది. వాళ్ళు దాన్ని బ్రిస్కెట్ అంటారు. ఆ వీడియో చూసి మనోళ్ళు కొందరు ముక్కు మూసుకున్నారు, కొందరు లొట్టలేశారు. ఎవరి తిండి వాళ్ళిష్టం, అందులో నేను చెప్పేది ఏమీ లేదు. మా వీధి పెద్దాయన ఒకాయన మాత్రం ఇంకో మాట అడిగాడు. "ఒక్క కండ ఉడకడానికి ఎంత కట్టె తగలబెట్టేరు బాబూ?"

రైతు అడగాల్సిన ప్రశ్న అది. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే టెక్సాస్ చరిత్ర ఎంత తగిలిందో, మన మందస, పలాస, టెక్కలి చరిత్ర కూడా అంతే తగిలింది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ కండ సంగతి. మనం పశువుల్ని సాకినోళ్ళం కాబట్టి తొందరగానే తెలుస్తాది. గంగడోలు కింద, రెండు ముందుకాళ్ళ మధ్యన ఉండే రొమ్ము భాగం అది. పశువుకి మనిషికున్నట్టు మెడ దగ్గర జత్రుక ఎముక ఉండదు. ముందు భాగం బరువంతా ఈ కండల మీదే వేలాడుతాది. నిలబడినా, నడిచినా, నాగలి లాగినా పని దానిదే. పని చేసిన కండ గట్టిది. అందులో నరాల్లాగ కనిపించే తెల్లటి పీచు ఎక్కువ. మామూలుగా కూర వండితే చెప్పు తోలు నమిలినట్టే ఉంటాది. అందుకే ఎక్కడైనా ఇది చవక రకం. డబ్బున్నోళ్ళు వెన్ను పక్క మెత్తటి మాంసం తీసుకునేవారు, రొమ్ము, కాళ్ళు, తలకాయ మిగిలినోళ్ళకి పోయేవి.

ఆ తెల్లటి పీచుకి ఒక గుణం ఉంది. సుమారు 70 డిగ్రీల వేడి దాటి, గంటల తరబడి అలాగే ఉంచితే అది కరిగి జిగురవుతాది. పాయా ఉడికాక పులుసు చల్లారితే గడ్డ కడుతుంది చూడండి, అదే జిగురు. తొందరపడి పెద్ద మంట పెడితే పీచు కరగకముందే కండ ఎండిపోతాది. కాబట్టి పొగ గది వేడి 110, 120 డిగ్రీల దగ్గర నిలబెట్టి, అయిదారు కేజీల కండని పది పన్నెండు గంటలు ఉంచుతారు. మధ్యలో ఒక తమాషా జరుగుతాది. లోపలి వేడి 65, 70 దాకా ఎక్కి అక్కడ ఆగిపోతాది. మూడు నాలుగు గంటలు కదలదు. కొత్తవాళ్ళు కంగారుపడి మంట పెంచేస్తారు. ఏటంటే, కండలోంచి ఊరిన తేమ పైన ఆవిరవుతూ చల్లబరుస్తాది, మన మట్టికుండలో నీళ్ళు చల్లబడినట్టే. ఆ తేమ తగ్గాక వేడి మళ్ళీ ఎక్కుతాది. లోపల 90 దాటి 95 దగ్గరకొస్తే అయినట్టు. అప్పుడు దించి ఒక గంటయినా కదపకుండా ఉంచాలి.

ఇంతసేపు కట్టె కాల్చే తాహతు ఎవరికుంది? అసలు కథ ఇక్కడ మొదలవుతాది.

అమెరికా ఖండంలో తెల్లవాళ్ళు దిగకముందే, కరీబియన్ దీవుల్లో టైనో అనే ఆదివాసులు కర్రలతో మంచెలాంటిది కట్టి, కింద నెగడు పెట్టి, పైన చేపలు, మాంసం పరిచేవారు. ఆ మంచె పేరు స్పెయిన్ వాళ్ళ నోట్లో పడి బార్బకోవా అయింది, తర్వాత బార్బెక్యూ అయింది. 1526లో ఒవియెడో అనే స్పెయిన్ రచయిత ఆ మాటని రాసిపెట్టాడు. మనం జొన్నచేలో పిట్టలు తోలడానికి కట్టే మంచెకి, దానికి పెద్ద తేడా లేదు. అలాంటి మంచెనే ఫ్రెంచివాళ్ళు బూకన్ అన్నారు. 1600ల్లో హిస్పానియోలా దీవిలో అడవి పశువుల్ని వేటాడి, మాంసం ఆ మంచె మీద పొగబెట్టి ఓడలవాళ్ళకి అమ్ముకునేవాళ్ళకి బుకనీర్లు అని పేరొచ్చింది. వేట కుదరనిచ్చేవాళ్ళు లేక తర్వాత వాళ్ళు ఓడల్ని దోచుకోవడం మొదలెట్టారు. ఇంగ్లీషులో సముద్రపు దొంగల పేరు మాంసం పొగబెట్టే మంచె నుంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

టెక్సాస్‌కి 1840ల నుంచి జర్మన్లు, ఆ వెనకాల చెక్ దేశస్తులు వలస వచ్చారు. వాళ్ళలో కసాయి పని తెలిసినవాళ్ళు కొట్లు పెట్టారు. ఫ్రిజ్జులు లేని రోజులు. వారంలో అమ్ముడుపోని మాంసం పాడవకుండా కొట్టు వెనకాల ఇటుక గూట్లో పొగబెట్టేవారు. ఎల్గిన్ ఊళ్ళో 1882లో, లాక్‌హార్ట్ ఊళ్ళో 1900లో మొదలైన కొట్ల పేర్లు ఈనాటికీ నడుస్తున్నాయి. ఆ పొగబెట్టిన ముక్కల్ని ఎక్కువగా కొన్నది పత్తి ఏరడానికి వచ్చిన కూలీలు, నల్లవాళ్ళు, మెక్సికోవాళ్ళు. కాగితంలో పొట్లం కట్టిస్తే అక్కడే నిలబడి చేత్తో తినేవారు. కంచాలు, చెంచాలు ఏమీ లేవు. ఇప్పటికీ అక్కడ గొప్ప హోటళ్ళలో కూడా కాగితం మీదే పెడతారు, అదొక ఫ్యాషనైపోయింది.

ఇందులో ఇంకో సంగతి చాలాకాలం రాయలేదు. తోటల్లో గొయ్యి తవ్వి, రాత్రంతా మేలుకుని, మాంసం తిప్పిన చేతులు బానిసలవి. టెక్సాస్‌లో బానిసలకి విడుదల చాటింది 1865 జూన్ 19న. ఆ రోజు పండగ చేసుకునేటప్పుడు కూడా గొయ్యి తవ్వి మాంసం కాల్చుకోవడం వాళ్ళ ఆనవాయితీ. పని నేర్పు వాళ్ళది, పేరు కొట్టు యజమానులది.

రొమ్ము కండ ఒక్కటే విడిగా ఇంత పేరు తెచ్చుకున్నది మాత్రం ఆలస్యంగానే. అంతకుముందు పశువు ముందు భాగమంతా ముక్కలు చేసి పొగబెట్టేవారు. 1950లు, 60ల తర్వాత మాంసం పెట్టెల్లో, భాగాల వారీగా విడదీసి రావడం మొదలయ్యాక కొట్లవాళ్ళు చవకగా దొరికే రొమ్ము పెట్టెలే తెప్పించుకున్నారు. అప్పటికి అమెరికా అధ్యక్షుడు టెక్సాస్ మనిషి జాన్సన్. 1963 డిసెంబరులో జర్మనీ పెద్ద ఎర్హార్డ్ వస్తే, ఆ పెద్దమనిషికి టెక్సాస్ బార్బెక్యూ విందే పెట్టాడు. 2015లో ఆస్టిన్ నగరంలో బ్రిస్కెట్ అమ్మే ఆరన్ ఫ్రాంక్లిన్‌కి అక్కడి వంటవాళ్ళ పెద్ద బహుమతి జేమ్స్ బియర్డ్ అవార్డు ఇచ్చారు. అతను 2009లో బండి మీద మొదలెట్టినవాడు. చవక రకం ఖరీదు రకమైపోయింది.

వీటన్నిటికీ అడుగున ఉన్నది కట్టె. మధ్య టెక్సాస్‌లో ఓక్ చెట్లు విపరీతం. పత్తి వేయడానికి ఎకరాలకెకరాలు నరికారు. నరికిన కలప ఏంచెయ్యాలో తెలియని చోట, ఒక కండ కోసం రాత్రంతా పొయ్యి మండించడం ఎవరికీ దుబారా అనిపించదు. దాన్ని బట్టి వంట పుట్టింది.

ఇప్పుడు మన వైపు చూడండి.

మన ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. మందస, టెక్కలి, పర్లాకిమిడి అన్నీ జమీందారీలు. మన కళ్ళకి మహేంద్రగిరి కొండలు, అడవి ఎదురుగానే కనిపిస్తాయి. కనిపిస్తే చాలదు కదా. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, సర్కారు అడవి రిజర్వు అయింది. జమీందారీ అడవి జమీందారుది. నాగలికి కర్ర కావాలన్నా, పాకకి గుంజ కావాలన్నా, పొయ్యిలోకి పుల్ల కావాలన్నా పన్నో, లంచమో, దెబ్బలో.

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు మన పలాసలో జరిగాయి. దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు వచ్చిన సభ అది. ఆ ఊపులో మందస జమీందారీ రైతులు అడవిలోకి వెళ్ళి కర్ర కొట్టి బళ్ళకెత్తుకున్నారు. అరెస్టులకి పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చారు. ఊరు ఎదురు తిరిగింది. ఏప్రిల్ 1న కాల్పులు జరిగాయి. సాసుమాన గున్నమ్మ, ఆమెతో పాటు మరికొందరు చనిపోయారు. గున్నమ్మ అప్పటికి గర్భవతి. వీర గున్నమ్మ అని మనం ఏటా తలుచుకునే ఆవిడ ఆవిడే. ఏప్రిల్ 1న దండలు వేస్తాం, ఉపన్యాసాలు వింటాం. ఆ గొడవ దేని మీద మొదలైందని మన పిల్లల్ని అడిగి చూడండి. భూమి అంటారు, స్వాతంత్ర్యం అంటారు. బండెడు కర్ర మీద మొదలైందని చెప్పేవాడు పదిమందిలో ఒకడుంటే గొప్ప.

కర్ర కోసం ప్రాణాలు పోయిన చోట, పన్నెండు గంటలు కట్టె కాల్చి ఒక కండ వండుకోవడం ఎవరికి సాధ్యం? ఆ పెద్దాయన ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది. రాత్రంతా మండే పొగ గూడు మన దగ్గర పుట్టకపోవడానికి కారణం మతమో, రుచి తెలియకపోవడమో అని నేననుకోను. మాంసం తిన్న కులాలు ఉన్నాయి, మాంసం ఉంది, ఉప్పు ఉంది. మిగులు కట్టె లేదు.

అలాగని పొగ వాడకం మనోళ్ళకి తెలియదా అంటే, బాగా తెలుసు. ఎలాగూ మండుతున్న పొయ్యి పొగనే వాడుకున్నారు. యాభై దాటినోళ్ళకి గుర్తుండే ఉంటాది. పొయ్యి మీద వెదురు బద్దలతో కట్టిన అటక. దాని మీద, దాని కింద ఏమేం వేలాడేవి? ఆనపకాయ విత్తనం, బీరకాయ విత్తనం, గుమ్మడి గింజల మూట, మొక్కజొన్న కంకులు, వచ్చే ఏడాదికి దాచిన చిక్కుడు. కొత్త బుట్టలు, చేటలు కూడా కొన్నాళ్ళు అక్కడ పెట్టేవారు. పొగ పట్టిన వెదురుకి పురుగు తొలవదు. పాక కప్పులో గడ్డికీ అదే రక్ష. పొద్దున్న గంజి, రాత్రి అన్నం, రెండు పూటలా పొగ. దానికోసం విడిగా ఒక్క పుల్ల కాల్చిన పాపాన పోలేదు. ముందు విత్తనం కోసం, ఆ పక్కనే చేప కోసం, మాంసం కోసం.

చేప సంగతి మీకు చెప్పక్కర్లేదు. భావనపాడు, నువ్వలరేవు, మంచినీళ్ళపేట, బారువ. ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్ళు, కవళ్ళు, సావడాలు. వానాకాలంలో ఎండ లేనప్పుడు అవి మెత్తబడకుండా కాపాడింది పొయ్యి మీద అటకే. ఎండుచేప తట్టలు మన తీరం నుంచి కొండ కింద సంతలకి పోవడం, అక్కడి చింతపండు, పసుపు, అడ్డాకులు కిందికి రావడం మన పెద్దోళ్ళు ఎరిగిన వ్యాపారమే.

మాంసం ఎండబెట్టే విద్య ఎవరి దగ్గరుండేదో చెప్పుకోవాలి. ఇక్కడ మనం నీళ్ళు నమలకూడదు. ఊళ్ళో ఎద్దు చచ్చినా, గేదె చచ్చినా దాన్ని ఈడ్చుకుపోవాల్సింది దళిత పేటల వాళ్ళు. అది వాళ్ళ వెట్టి. తోలుతో రైతుకి చెప్పులు, మోట తిత్తి, పలుపుతాళ్ళు అమర్చి పెట్టాలి. మాంసం వాళ్ళకి. ఒక్కసారిగా అంత మాంసం వస్తే ఒక రోజులో తినలేరు, మర్నాటికి పాడవుతాది. అందుకని కండని పొడుగ్గా, పలచగా, తాళ్ళలాగ చీల్చి, ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఆరేసేవారు. పగలు ఎండ, రాత్రి పొయ్యి పొగ. మూడు నాలుగు రోజులకి చెక్కలాగ గట్టిపడితే కుండలో పెట్టుకుని, పని దొరకని వానాకాలంలో గోంగూరలోనో, వంకాయలోనో వేసి వండుకునేవారు. తెలంగాణలో వాటిని తునకలంటారు. దక్షిణ అమెరికా కొండల్లో ఇదే పని చేసే కెచువా జనం దాన్ని చార్కి అన్నారు, అమెరికా కొట్లలో ఇప్పుడు ప్యాకెట్లో అమ్మే జెర్కీ అనే మాట అందులోంచి వచ్చిందే.

ఈ తిండి తిన్నందుకే వాళ్ళని ఊరి బయట పెట్టారు. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ళ మీద రాసిన పుస్తకంలో వాదన కూడా గొడ్డుమాంసం చుట్టూ తిరిగేదే. మన ఎద్దు బతికినన్నాళ్ళు మన పొలం దున్నింది, చచ్చాక దాని కళేబరం ఊళ్ళో కుళ్ళకుండా చూసినోళ్ళని మనం అంటుకోలేదు. నేను చదివినంతలో టెక్సాస్ గొయ్యి దగ్గర బానిసలకి జరిగిందీ ఇదే తీరు. కాకపోతే అక్కడ తిండికైనా గౌరవం వచ్చింది. ఇక్కడ తిండికీ రాలేదు, వండినోళ్ళకీ రాలేదు.

కొండల మీద సవరలది ఇంకో దారి. చనిపోయిన పెద్దల పేరు మీద రాయి పాతి, గేదెని బలిచ్చే గువార్ పండగ వాళ్ళకుంది. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చువేసిన పెద్ద పుస్తకంలో ఆ తంతులన్నీ రాశాడు. అక్కడ మాంసం పంచుకోవడం మర్యాద, దాచడానికి తలదించుకోవాల్సిన పని లేదు. సీతంపేట వైపు పాత ఇళ్ళలోకి వెళ్ళినప్పుడు నేను గమనించింది, పొయ్యి ఇంటి నడుమన ఉంటాది, దాని మీద అటక, అటక నిండా ఏడాది సంసారం.

ఇక ఉప్పు. మనకి ఉప్పు కరువేటి, నౌపడ పక్కనే ఉంది కదా అంటారు. నౌపడ ఉప్పు మడులు తెల్లవాళ్ళ కాలం నాటికే పేరుపొందినవి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు చిన్న రైలు వేయించారు, 1931కి అది గుణుపూర్ దాకా పోయింది. కానీ ఉప్పు మీద సర్కారు పన్ను ఉండేది. సముద్రం ఒడ్డున కూర్చుని, లైసెన్సు లేకుండా చారెడు ఉప్పు పండించుకుంటే నేరం. 1930లో గాంధీగారు దండికి నడిచింది దీనికోసమే, పన్ను పోయింది 1947లో. మాంసం దాచాలంటే ఉప్పు దండిగా పడాలి. ఉప్పు పిరమైన చోట ఎండని, పొగని ఎక్కువ నమ్ముకుంటారు. ఇది నా ఊహ అనుకోండి, కానీ పేదింటి లెక్క ఎప్పుడూ అలాగే నడుస్తాది.

పొగ ఎలా కాపాడుతుందో ఒక ముక్క చెప్తాను. కట్టె నిదానంగా కాలేటప్పుడు పొగలో ఫినాల్స్, కొద్దిగా ఆమ్లాలు, ఫార్మాల్డిహైడ్ లాంటివి ఉంటాయి. ఇవి సూక్ష్మజీవుల్ని పెరగనివ్వవు, కొవ్వు కారకుండా, కంపు కొట్టకుండా చూస్తాయి. అయితే అసలు పని తేమ లాగెయ్యడానిది. పలచటి తునకలో తేమ పోతాది కాబట్టి నెలలు నిలుస్తాది. బ్రిస్కెట్ అలాగ నిలవదు. లోపల తడిగానే ఉంటాది, ఫ్రిజ్జులో పెట్టినా మూడు నాలుగు రోజులే. దాచుకునే పొగ వేరు, వండే పొగ వేరు. ఈ రెండింటినీ కలిపేసి "పొగబెట్టింది కదా, పాడవదు" అనుకుని బయట పెట్టి తినొద్దు.

ఎవరైనా ఇంటి దగ్గర చేద్దామనుకుంటే నాలుగు మాటలు. మన రాష్ట్రంలో 1977 చట్టం ఉంది. ఆవుని, ఆవుదూడల్ని, గేదె దూడల్ని కోయకూడదు. ఎద్దు, దున్న, గేదె అయితే అధికారి సర్టిఫికెట్ మీదే. కాబట్టి ఇక్కడ దొరికేది ఎక్కువగా గేదె మాంసం. దానికి కొవ్వు తక్కువ, టెక్సాస్ పశువులాగ గింజ మేపి పెంచింది కాదు. తొందరగా ఎండిపోతాది. సగం దారిలో, ఆ వేడి ఆగిపోయే దగ్గర, అరటాకుల్లో గట్టిగా చుట్టి మళ్ళీ పెడితే తేమ నిలుస్తాది. టెక్సాస్‌లో దీనికే కాగితం చుడతారు. చేతులడ్డమైన పాత నూనె డ్రమ్ము వాడొద్దు. లోపల ఏం పోశారో తెలియని డ్రమ్ము అసలొద్దు. మంట ఒక పక్క, మాంసం ఇంకో పక్క ఉండాలి. కట్టె బాగా ఎండినది కావాలి. తెల్లటి దట్టమైన పొగ వస్తే చేదెక్కుతాది, కనీ కనిపించని నీలిపొగ మంచిది. చింత, తుమ్మ నిప్పు నిదానంగా నిలబడతాయి. వేప చేదు.

మన పలాస వాళ్ళు ముఖ్యంగా వినాల్సింది ఒకటుంది. జీడితొక్క మన దగ్గర కుప్పలు. దాన్ని మాత్రం ఇలాంటి పొయ్యిలో వెయ్యొద్దు. తొక్కలో పావు వంతు దాకా ఉండే నూనె చేతికి తగిలితేనే పొక్కిపోతాది. పాత రోజుల్లో పెనాల మీద పిక్కలు కాల్చిన ఆడవాళ్ళని అడగండి, ఆ పొగ కళ్ళనీ గొంతునీ ఏం చేసేదో చెప్తారు. ఆ పొగ మాంసానికి పట్టించి తినడం కంటే పస్తుండడం మేలు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న మన తోటల్ని పడగొట్టాక, జీడి దుంగలు మన దగ్గర గుట్టలు పడ్డాయి. పుట్టి బుద్దెరిగాక మనం మిగులు కట్టె చూసింది ఆ ఒక్కసారే, అదీ తోటలు పోతే. కొబ్బరి దుంగ సరిగ్గా మండదు, జీడి దుంగకి జిగురు. మధ్యవర్తులు చెప్పిన ధరకి ఇచ్చేశాం.

ఇంకో మాట. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. దాని కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. నేను ఎండుచేప మీదకో, పొగ మాంసం మీదకో నింద తోసెయ్యడం లేదు. కానీ కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఉప్పు, మాంసం రెండూ డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే. రుచి బాగుందని ఒక పలుపు ముక్క ఎక్కువ పెట్టకండి. జబ్బు లేనివాళ్ళు కూడా రోజూ తినే సరుకు కాదిది. ఉప్పువేసి, పొగబెట్టి నిలవచేసిన మాంసాన్ని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం కేన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. ఎప్పుడో పండక్కి వేరు, వారం వారం వేరు.

పొయ్యి పొగని ఉచితం అన్నాను. ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఆ పొగ ముందు విత్తనానికి పట్టిందా, మాంసానికి పట్టిందా అని లెక్కేసుకున్నాం గానీ, అన్నిటికంటే ముందు పట్టింది పొయ్యి ఊదిన ఆడవాళ్ళ ఊపిరితిత్తులకి. మా అమ్మ తరంలో దగ్గు లేని ముసలమ్మ నాకు గుర్తు లేదు. కట్టె మోసింది వాళ్ళే, పొగ మింగింది వాళ్ళే. 1999లో దీపం పథకం కింద గ్యాసు పొయ్యిలు ఇవ్వడం మొదలెట్టారు, 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. మెల్లమెల్లగా కట్టె పొయ్యి పెరట్లోకి పోయింది, ఇంట్లో అటక ఖాళీ అయింది. విత్తనం ప్యాకెట్లో వస్తోంది, మాంసం ఫ్రిజ్జులో పెడుతున్నాం. ఆ పొగ మళ్ళీ రావాలని నేను కోరుకోను. అటక మీద ఏది ఎక్కడ పెట్టాలో, ఎన్నాళ్ళు ఉంచాలో తెలిసినవాళ్ళు మాత్రం ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్ళందరూ డెబ్భై దాటినోళ్ళే.

నేను ఇక్కడ అటక అని రాసుకుంటూ పోయాను. సోంపేట వైపు ఇంకో మాట ఉందని విన్నాను, ఒడియా ఇళ్ళలో ఇంకోటి, సవర ఊళ్ళలో ఇంకోటి. మీ ఇంట్లో పెద్దోళ్ళని అడిగి, పొయ్యి మీద ఆ వెదురు తడికని ఏమనేవారో, దాని మీద మీ ఇంట్లో ఏమేం పెట్టేవారో ఊరి పేరుతో సహా కింద రాయండి. ఎండు మాంసానికి మన వైపు పేటల్లో వాడిన మాట కూడా. సిగ్గుపడకుండా రాయండి.